మార్నింగ్ షో పెరుగు

శుక్రవారం వస్తే కృష్ణాబాయి రెండు పొయ్యిల మీద పాలు పెట్టేది. లోపల మడి వంటింట్లో ఇంటి పాలు, బయట అరుగు పక్కన రేకుల కింద సినిమా పాలు. రెండూ ఒకే బర్రెవి. పాలు పోసే రామమ్మ ఒకే బిందెలోంచి రెండు గిన్నెల్లోకీ పోసి, "ఈ వారం యా సినిమా తల్లీ?" అని అడిగి పోయేది.

ఆదోనిలో కొత్త సినిమా ఏది విడుదలైనా, మార్నింగ్ షో చూసిన మనిషి నేరుగా వచ్చి ఆ బయటి పాలలో ఒక చెంచా తోడు వేసి కలిపితే చాలు. సాయంత్రం ఏడింటికల్లా సినిమా ఎట్లా ఉందో పెరుగు చెప్పేసేది. బాగున్న సినిమాకు గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా తోడుకునేది. బాగాలేని సినిమాకు పాలు పాలుగానే ఉండిపోయేవి. ఇది మొదలై నాలుగేళ్లయింది. ఎందుకు మొదలైందని ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, పత్తి మార్కెట్టుకు ఆదివారం సెలవు, కృష్ణాబాయి ఇంట్లో పెరుగు సినిమాల సంగతి చెబుతుంది. అంతే.

తోడు వేసే పని మొదటినుంచీ తిమ్మన్నది. ముప్పై ఏళ్లు పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న మనిషి. పెళ్లాం పోయింది, కూతుళ్లు అత్తగారిళ్లలో ఉన్నారు. శుక్రవారం పదిన్నరకల్లా టికెట్ల వరుసలో అందరికన్నా ముందు ఉండేవాడు. ఆట వదిలాక దారిలో ఎవరు పలకరించినా నోరు విప్పకుండా, తలకు తువ్వాలు చుట్టుకుని, గబగబా వచ్చి అరుగెక్కేవాడు. మాట్లాడితే తోడు చెడిపోతుందని ఆయన నమ్మకం. చేతులు కడుక్కుని, తోడు వేసి, మూడుసార్లు కలిపి, "ఇంగ నా పని అయిపాయ తల్లీ" అని అప్పుడు ఊపిరి వదిలేవాడు.

ఊరికి పెరుగు భాష బాగా అలవాటైంది. జిగురుగా తీగ సాగితే రెండో సగం సాగదీశారని అర్థం. పుల్లగా ఉంటే ఎక్కడో చూసిన కథే. పైన మీగడ మందంగా కట్టి కింద నీళ్లుంటే, హీరో వచ్చే సీను తప్ప ఇంకేమీ లేదని. పోయిన దసరాకు వచ్చిన ఒక పెద్ద హీరో సినిమాకైతే పాలు విరగడమే కాదు, ఆ విరిగినవాటిని సందులో పిల్లి కూడా వాసన చూసి వెనక్కి పోయింది. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లు ఫోను చేసి అడిగేవాళ్లు: "అమ్మా, పెరుగెట్లుంది? ఆదివారం పిల్లోల్లని తోలుకొని పోవల్లా, వద్దా?"

"మజ్జిగ చేసుకోవచ్చు" అనేది కృష్ణాబాయి. అంటే ఓ మోస్తరు అన్నమాట.

రెండు సందుల అవతల ఉన్న థియేటరుకు హరికృష్ణ మేనేజరు. మొదట్లో ఆయన ఈ పెరుగుతో పోట్లాడాడు. ఒకసారి కోడుమూరు నుంచి చిక్కటి పాలు క్యానుతో తెప్పించి పోయించాడు. తోడుకోలేదు. ఇంకోసారి తోడులో నిమ్మకాయ పిండబోతే తిమ్మన్న చెయ్యి పట్టుకున్నాడు. చివరికి దారికొచ్చాడు. ప్రతి శుక్రవారం ఏడింటికి తనే అరుగు మీదికి వచ్చి కూర్చుని, గిన్నె చూసి, ఏ సినిమా ఉంచాలో ఏది ఎత్తేయాలో అక్కడే తేల్చుకునేవాడు.

ఇంత సందడీ పట్టని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. కృష్ణాబాయి భర్త శ్రీపాదరావు. ఆలూరు రోడ్డు మీద ఒక పల్లె హైస్కూల్లో తెలుగు పండితుడు, ఇరవై రెండేళ్లుగా పొద్దున ఎనిమిదింటి బస్సుకు పోయి వచ్చేవాడు. సినిమా అనడు, 'సినీమా' అంటాడు, ఏదో తొక్కరానిది తొక్కినట్టు. అరుగు మీద జనం ఉంటే పంచె అంచు ఎత్తి పట్టుకుని, బురద దాటినట్టు వాళ్ల మధ్యనుంచి దాటి లోపలికి పోయేవాడు. లోపలి పెరుగు మాత్రం ఆయనది. సాయంత్రం స్నానం చేసి, సంధ్య వార్చి, మడితో వంటింట్లోకి పోయి ఇంటి పాలకు తనే తోడు వేసేవాడు. పెళ్లయినప్పటినుంచీ అంతే. ఆ గిన్నెను పొద్దున దాకా కృష్ణాబాయి కూడా ముట్టుకునేది కాదు. ఆ పెరుగు ఏనాడూ ఒక్కలాగే ఉండేది. పలచగా, చప్పగా, ఏ అభిప్రాయమూ లేకుండా.

వాళ్లకు ఒక్కతే కూతురు, స్పందన. బి.ఇడి. చేయించి, ఊర్లోనే టీచరుగా చూడాలని తండ్రి అనుకుంటే, ఆ పిల్ల సినిమాలకు కథలు రాస్తానని హైదరాబాదు పోయింది. ఆనాటినుంచి రెండేళ్లుగా ఆయన ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే నేరుగా మాట్లాడలేదు. ప్రతి ఆదివారం కూతురు ఫోను చేస్తే కృష్ణాబాయి స్పీకరు పెట్టేది. ఆయన పక్కనే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని, చెప్పాల్సింది భార్యకు చెప్పేవాడు.

ఏప్రిల్ ఆఖరులో అట్లాగే ఫోను వచ్చింది.

"అమ్మా, సినిమా అయిపోయింది. వచ్చే నెల మూడో శుక్రవారం రిలీజు. కథ, మాటలు అని నా ఒక్కదాని పేరే పడుతుంది."

"మా తల్లే! పేరేమి సినిమాకు?"

"ఆలూరు బస్సు."

పేపరు వెనకనుంచి శ్రీపాదరావు అన్నాడు: "ఆలూరు బస్సు ఎక్కేదానికే జనం ఏడుస్తారు. ఇంక చూసేదానికి ఎవరు వస్తారో అడుగు దాన్ని."

"మీ అప్ప ఏమంటున్నారంటే..."

"వినపడిందమ్మా. ఒక కండక్టరమ్మ కథ అని చెప్పు."

"కండక్టరమ్మ కథంట రీ." భర్తను ఆమె కన్నడంలో 'రీ' అనే పిలిచేది. వాళ్ల ఇంట్లో సగం మాటలు అటువైపువే.

"నాకూ చెవులున్నాయి" అని శ్రీపాదరావు పేపరు మడిచాడు. "ఇది విను. జూన్ నుంచి మన వీధి చివరి బడిలో తెలుగు టీచరు పోస్టు ఖాళీ అవుతుంది. కరస్పాండెంటుతో మాట్లాడి పెట్టినాను. ఊరంతా మన ఇంటి పెరుగునే కదా నమ్ముతుంది, మనమూ దాన్నే నమ్ముదాం. ఆ సినీమాకు ఈ ఇంట్లో పెరుగు తోడుకుంటే దాని దారి దానిది. నేను అడ్డం రాను. తోడుకోలేదా, పెట్టె సర్దుకుని వచ్చి ఆ ఉద్యోగంలో చేరాల. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటుందేమో అడుగు."

స్పందన "సరేనని చెప్పమ్మా" అంది.

కృష్ణాబాయికి ఆ పూట అన్నం దిగలేదు. ఎంతమంది హీరోల జాతకాలు చెప్పినా ఆ గిన్నెను చూసి ఆమె ఏనాడూ భయపడలేదు. ఇప్పుడు దాన్ని తోమి, అటువైపు చూడకుండానే బోర్లించి పెట్టింది.

మూడో శుక్రవారం రానే వచ్చింది. బడికి వేసవి సెలవులు. శ్రీపాదరావు పొద్దున్నే ఉతికిన పంచె కట్టి, నుదుట అంగారపు నల్లగీత, అక్షింతలు పెట్టుకుని, గొడుగు తీసుకున్నాడు.

"మంత్రాలయం పోతున్నాను. సాయంత్రానికి వస్తాను."

"ఈరోజే పోవాల్నా రీ?"

"స్వామి దర్శనానికి ఈరోజు ఆరోజు ఏముంది?" అని వెళ్లిపోయాడు.

పది గంటలకు తిమ్మన్న అటుగా పోతుంటే కృష్ణాబాయి పిలిచి చెప్పింది. "తిమ్మన్నా, ఈరోజు మా పాప రాసిన సినిమా. బాగా చూడప్పా."

"అదేం మాట తల్లీ. కండ్లల్లో వత్తులేసుకొని సూస్తా."

రెండున్నరకు తిమ్మన్న వచ్చాడు. ఎప్పటిలా గబగబా కాదు, అడుగు తీసి అడుగు వేస్తూ. చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. తోడు వేసి, మూడుసార్లు కలిపి, మూత పెట్టాడు. పని అయిపోయిందని కూడా అనలేదు.

"ఎట్లుంది తిమ్మన్నా?"

"పెరుగు సెప్తాది లేమ్మా" అని, చెప్పులు ఎడమది కుడికాలికి తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. సొంత ఊరి పిల్ల రాసిన సినిమా కదా. హరికృష్ణ ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏడయింది. కృష్ణాబాయి లోపల దేవుడికి దండం పెట్టుకుని వచ్చి మూత తీసింది.

పాలు పాలుగానే ఉన్నాయి. చెంచా ముంచి ఎత్తితే చుక్కలు చుక్కలుగా కారాయి.

ఎవరో దగ్గారు. హరికృష్ణ లేచి నిలబడ్డాడు. "ఏమనుకోవద్దమ్మా. నేనైతే పెద్ద బ్యానరు కూడా కట్టిచ్చినా. సోమవారం నుంచి వేరే సినిమా వేసుకోవల్ల మరి" అన్నాడు. తిమ్మన్న స్తంభం చాటున నిలబడి కాళ్లవంక చూసుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడే శ్రీపాదరావు సందు మలుపు తిరిగి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. "సారూ, తోడుకోల్యా" అని ఎవరో మెల్లిగా చెప్పారు. ఆయన గిన్నెవంక చూశాడు, తిమ్మన్నవంక చూశాడు, గొడుగు మూల పెట్టి లోపలికి పోయాడు.

కృష్ణాబాయి కళ్లు తుడుచుకుంటూ వెనకే పోయింది. "ప్రసాదం ఏది రీ?"

"అయిపోయింది."

"మంత్రాలయంలో ప్రసాదం అయిపోయిందా?"

"రద్దీగా ఉండింది" అని ఆయన తువ్వాలు తీసుకుని బావి దగ్గరికి పోయాడు. స్నానం చేసి, సంధ్య వార్చి, ఎప్పటిలాగే వంటింట్లోకి పోయి పాలకు తోడు వేశాడు. ఆ లోపల ఆమె కూతురికి ఫోను చేసింది.

"తెలిసిందమ్మా" అంది స్పందన. "హరికృష్ణన్న ఫోను చేసినాడు. రేపు సర్దుకుంటాను. ఎల్లుండి పొద్దునకు ఊర్లో ఉంటాను. మాట తప్పనని అప్పకు చెప్పు."

మర్నాడు పొద్దున కృష్ణాబాయి ఇంటి గిన్నెలో గరిటె పెట్టింది. గరిటె దిగలేదు. గట్టిగా నొక్కింది. గరిటె కాడ వంగింది. ఆమె మూత పక్కన పెట్టి గిన్నెను వెలుతురులోకి తెచ్చి చూసింది. తెల్లగా, పాలరాయిలా, గచ్చులా బిగుసుకుని ఉంది పెరుగు. గిన్నె బోర్లించింది. చుక్క రాలలేదు. కత్తిపీట ముందేసుకుని అంచున చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. చివర్లో ఒక్క రవ్వ జిగురు, అంటే రెండో సగంలో ఒక పాట ఎక్కువైంది. కోసిన చోట రెండు నీటి బొట్లు ఊరి నిలబడ్డాయి. అట్లాంటి బొట్లు నాలుగేళ్లలో ఆమె ఒకే ఒక్కసారి చూసింది, తిమ్మన్న కళ్లు తుడుచుకుంటూ అరుగెక్కిన ఒక శుక్రవారం.

నాలుగేళ్లు పెరుగు చదివిన మనిషి. ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

శ్రీపాదరావు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. ఆమె గిన్నె తెచ్చి ఆ పేపరు మీద బోర్లించి పెట్టింది.

"నిన్న ఏ సినిమా చూసినారు రీ?"

"ఏమి మాట అది!"

"ఇది చూసి చెప్పండి."

ఆయన చూశాడు. "ఎండాకాలం. వేడికి తోడుకుంటుంది."

"అరుగు మీద గిన్నెకూ అదే ఎండ."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అయినా గిన్నె అక్కడే ఉంది.

"ఏ ఊర్లో?" అంది కృష్ణాబాయి.

"ఎమ్మిగనూరులో" అన్నాడు, కాపీ కొడుతూ దొరికిన పిల్లవాడి గొంతుతో.

"మంత్రాలయం?"

"పోతున్నానని అన్నాను. పోయినానని అన్లేదు."

ఆమె పక్కన కూర్చుంది. ఇంక ఆయనకు చెప్పక తప్పలేదు. పిల్ల ఎంత పాడు చేసిందో కళ్లారా చూసి రావాలని పోయాడట. ఎవరైనా గుర్తుపడతారని తల మీద తువ్వాలు కప్పుకుని వెనక వరుసలో కూర్చున్నాడట.

"మొదటి పది నిముషాలకే ఒక అయ్యవారు బస్సెక్కుతాడు" అన్నాడు. "చేతిలో గొడుగు. జేబులో సుద్దముక్క. బస్సు ఆగిన చోటల్లా దిగి, గోడల మీద తప్పులు దిద్దుతాడు. 'ఇచట మూత్రము పోయరాదు' అని రాసిన చోట తప్పిన వత్తు దిద్దుతూ బస్సు పోగొట్టుకుంటాడు. హాలంతా ఒకటే నవ్వు. ఆ వేషగాడు దగ్గేది కూడా నాలాగే."

"కోపం రాలేదా?"

"రాలేదా! ఇంటర్వెల్లో లేచి వచ్చేద్దామనుకున్నాను. పక్క సీట్లో ఎవరో మగ్గం నేసే ఆయన. నవ్వి నవ్వి నా తొడ మీద ఒక్కటి ఇచ్చినాడు. 'స్వామీ, ఈయన మా అయ్యవారే! అచ్చం ఈ మాదిరే! ఆయప్ప దిద్దకపోతే ఈ పొద్దు నేను సంతకం గూడా పెట్టల్యాను' అని కండ్లు తుడుచుకున్నాడు. ఆయనకు చదువు చెప్పింది నేను కాదు. వాళ్ల అయ్యవారు ఎవరో, ఏ ఊరో. అయినా ఇంక లేచి రాలేకపోయినాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత అయ్యవారికి రిటైర్మెంటు అవుతుంది. ఆఖరురోజు బస్సెక్కుతాడు. అప్పుడు కండక్టరమ్మ..." ఆయన ఆగిపోయాడు. "చెప్పను. చూస్తే నీకే తెలుస్తుంది. చెప్తే బాగుండదు."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఇట్లాంటి మాట వస్తుందని కృష్ణాబాయి కలలో కూడా అనుకోలేదు.

ఇంతలో తిమ్మన్న వచ్చాడు, పరామర్శకు వచ్చినవాడిలా తువ్వాలు చేతిలో పట్టుకుని. పేపరు మీద బోర్లించిన గిన్నె చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగి చూశాడు. వేలితో తట్టి చూశాడు.

"ఇది యా సినిమాకు తల్లీ? ఇట్లాంటి పెరుగు నేను సూడనే ల్యా."

"నువ్వు చూసిన సినిమాకే."

"ఎవురు తోడేసినారు?"

కృష్ణాబాయి గడ్డంతో భర్తను చూపించింది. తిమ్మన్న మెట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు: "ఒక మాట సెప్తా, తిట్టొద్దు తల్లీ. నేను నిద్రపోయినా. బస్సు కదిల్తే సాలు, సిన్నప్పట్నించీ నాకు నిద్రొస్తాది. ఆ సినిమాలో బస్సు మొదట్నుంచీ కదుల్తానే ఉండాది."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదట తేరుకుంది కృష్ణాబాయే.

"అయితే నాలుగేండ్లుగా ఆ గిన్నె చెప్పింది సినిమా సంగతి కాదు తిమ్మన్నా. నీ సంగతి."

తిమ్మన్న ఆ మాటను లోపల వేసుకుని నమిలాడు. మెల్లిగా ఆయన వెన్ను నిటారైంది. "అంటే... ఈ ఆదోని ఊరు ఊరంతా నాలుగేండ్లు నా మాట ఇన్నదా? మా ఇంట్లో ఎవురూ ఇన్ల్యా తల్లీ. మా ఆడది గూడా ఇన్ల్యా!"

ఈ సంగతి థియేటరు చేరడానికి పావుగంట పట్టింది. హరికృష్ణ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన ముఖం చూస్తే జాలేసేలా ఉంది. "తిమ్మన్నా, పోయినేడు ఆ పాటల సినిమా ఉండె కదా, పద్దెనిమిది పాటలది. రెండోరోజే ఎత్తేస్తి కదప్పా! ఊరూరా వంద రోజులు ఆడె. మనకెందుకు తోడుకోల్యా?"

"పాటొస్తే నేను బీడీకి బయటికి పోతా కదన్నా" అన్నాడు తిమ్మన్న.

హరికృష్ణ తల పట్టుకున్నాడు. అయితే ఆయన వ్యవహారం తెలిసిన మనిషి, ఎక్కువసేపు పట్టుకోలేదు. మధ్యాహ్నానికి ఆటో ఒకటి మైకు కట్టుకుని ఊరంతా తిరిగింది. ఆలూరు బస్సు చూసినవాళ్లు ఎవరికి వాళ్లు కృష్ణాబాయమ్మ అరుగు మీద తోడు వేసుకోవచ్చు, గిన్నె ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

సాయంత్రానికి అరుగు నిండిపోయింది. స్టీలు గిన్నెలు, మట్టి ముంతలు, టిఫిను డబ్బాలు, ఒకామె తెచ్చిన కుక్కరు. రామమ్మ పాలు చాలక పక్క వీధికి పరుగెత్తింది. ఏడింటికి మూతలు తీస్తే ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకే వరుసలో పక్కపక్కన కూర్చుని చూసిన అన్నదమ్ములకు ఒకరిది గడ్డపెరుగు, ఒకరిది పచ్చిపాలు. ఒక ముసలామెది తియ్యగా తోడుకుంది, ఆమె మనవరాలిది పులిసింది. తీర్పు చెప్పేవాళ్లు లేకపోయేసరికి ఊరు నాలుగేళ్ల తర్వాత మళ్లీ హాయిగా పోట్లాడుకుంది. ఒకరి గిన్నెలోది ఒకరు రుచి చూసి, "నీకట్ల యెందుకు తోడుకుందిరా, ఆ సీను సూడల్యా నువ్వు?" అని నిలదీసుకున్నారు. చూడనివాళ్లు మర్నాటికి టికెట్లు కొనుక్కున్నారు.

ఆ జనంలో శ్రీపాదరావు కూడా ఉన్నాడు. మధ్యాహ్నం ఆటకు, తల మీద తువ్వాలు లేకుండా, సొంత ఊరి థియేటరు మెట్లు ఎక్కి రెండోసారి చూసి వచ్చాడు. పక్కన కృష్ణాబాయి. కండక్టరమ్మ ఏం చేసిందో ఆమె చూసింది. ఇంటికి వచ్చేదాకా ముక్కు చీదుకుంటూనే ఉంది.

"పాపకు ఫోను చేసి రావద్దని చెప్తాను రీ" అంది.

"రానీ" అన్నాడాయన. "ఫోనులో చెప్పేది కాదు." వెళ్లి లోపలి పాలకు తోడు వేశాడు.

ఆదివారం పొద్దున స్పందన దిగింది. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచుల పుస్తకాలు. సందులో ఎదురైనవాళ్లు నవ్వారు గానీ, రాత్రంతా నిద్రలేని ఆ పిల్ల అవి ఎటువంటి నవ్వులో చూసే స్థితిలో లేదు. ఫోను శుక్రవారం రాత్రినుంచీ ఆపేసి ఉంచింది. తల్లి కాళ్లకు దండం పెట్టింది. తండ్రి ముందు వంగింది. ఆయన ఏదో గొణిగాడు, దీవెనలాంటిదే.

మధ్యాహ్నం ఆకులు వేశారు. వడ్డన శ్రీపాదరావుది. పప్పు అయింది, చారు అయింది. స్పందన తల ఎత్తకుండా తింటోంది. ఆయన లోపలినుంచి గిన్నె తెచ్చి, కత్తితో ఇటుకముక్కలా ఒక ముక్క కోసి ఆమె అన్నం పక్కన పెట్టాడు. అది ఆకు మీద నిలువుగా నిలబడింది.

స్పందన చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లు పలచటి పెరుగు తిని పెరిగిన పిల్ల అది.

"అమ్మా, ఇది అరుగు మీద గిన్నెలోదా?"

"కాదు. లోపలి గిన్నెలోది."

"లోపలి గిన్నెకు ఎవరు తోడు వేసినారు?"

"నేను పెళ్లై వచ్చినప్పట్నుంచీ ఒకరే కదే వేసేది" అంది కృష్ణాబాయి, నవ్వు ఆపుకోలేక.

స్పందన మెల్లిగా తల ఎత్తి తండ్రివంక చూసింది. ఆయన గిన్నెవంక చూశాడు.

"ఏమి చూస్తావు? తిను."

రెండేళ్ల తర్వాత ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. తర్వాత ఆగలేదు. "మొదట్లో పేర్లు వేసేటప్పుడు 'కృతజ్ఞతలు' తప్పు పడింది. జ కింద ఞ రావాల. చూసుకోవద్దా? ఎవరి కూతురివి నువ్వు?"

"అది నేను రాయలేదప్పా, డిజైన్ చేసేవాళ్లు..."

"సాకులు చెప్పొద్దు. రెండో సగంలో ఆ పెళ్లిపాట ఎందుకు?"

"ప్రొడ్యూసరు పెట్టమన్నారు."

"వచ్చేసారి పెట్టొద్దు."

"వచ్చేసారా?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. "కరస్పాండెంటుకు పొద్దున ఫోను చేసినాను. ఆ పోస్టుకు వేరే అమ్మాయిని చూసుకోమన్నాను. ఈ ఇంట్లో పెరుగు తోడుకుంటే అన్నాను గానీ, ఏ గిన్నెలో అని నేను చెప్పలేదు. సాయంత్రం ఐదింటికి హైదరాబాదు బస్సుంది. పెట్టె విప్పొద్దు."

స్పందన ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో, ఎక్కిళ్లు మాత్రం వచ్చాయి. "ఆకు ముందర ఏడవకూడదే" అని కసురుతూ కృష్ణాబాయి నీళ్లగ్లాసు జరిపింది. ఆ పిల్ల ఇంకో ముక్క వేయించుకుని, దాన్ని చారుతో మెత్తగా చేసుకుని, ఆకు ఖాళీ చేసి లేచింది. ఐదింటి బస్సుకు తిమ్మన్న ట్రంకు ఎక్కించాడు. బస్సు కదలగానే ఆవలించాడు.

ఆలూరు బస్సు ఆదోనిలో మూడు వారాలు ఆడింది. ఎమ్మిగనూరులో ఇంకో వారం ఎక్కువే ఆడింది. అందరికీ నచ్చలేదు, నచ్చినవాళ్లకు మాత్రం బాగా నచ్చింది. ఆ డైరెక్టరే స్పందనకు ఇంకో సినిమా ఇచ్చాడు. ఇప్పుడు ఆమె రాసిన పేజీలు రాసినట్టు ఫోనులో వస్తుంటాయి. కృష్ణాబాయి జెరాక్సు షాపులో ప్రింటు తీయించి తెస్తుంది. శ్రీపాదరావు ఎర్రసిరా కలంతో వత్తులు, దీర్ఘాలు దిద్ది తిరిగి పంపిస్తాడు. కథ జోలికి మాత్రం పోడు. అది ఆ పిల్ల పని అంటాడు.

ఒక్కసారే పోయాడు. పోయిన నెల వచ్చిన పేజీల్లో, కూతురు ఇల్లు విడిచి పోయేటప్పుడు తండ్రి గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చే సీను ఉంది. ఆయన అది రెండుసార్లు చదివి, నాలుగు లైన్లకూ సున్నా చుట్టి, పక్కన ఖాళీలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఇక్కడ తండ్రి ఏడవడు. పాలు పొంగుతున్నాయేమో చూడమని వంటింట్లోకి కేకేస్తాడు."

స్పందన తను రాసిన నాలుగు లైన్లూ కొట్టేసి, ఆ ఒక్కటే ఉంచింది.